ఆపేశాక కూడా తిరిగే మీటరు

రిమోట్‌తో టీవీ ఆపేస్తే తెర చీకటవుతుంది, మాట ఆగిపోతుంది. అంచున ఒక ఎర్ర చుక్క మాత్రం మిగులుతుంది. ఆ చుక్క వెలగడానికి పట్టే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. దాని వెనక మేలుకొని ఉన్న సర్క్యూట్లదే అసలు ఖర్చు. రిమోట్ మళ్లీ ఎప్పుడు నొక్కుతారా అని కనిపెట్టుకుని ఉండే రిసీవరు, గోడలోంచి వచ్చే కరెంటును చిన్న వోల్టేజీగా మార్చి దానికి అందించే పవర్ సప్లయి, కొన్నిట్లో గడియారం, ఈ మధ్య వచ్చినవాటిలో వైఫై చిప్పు కూడా పొద్దస్తమానం పనిలోనే ఉంటాయి. ఇలా పని చేయకుండా, పని కోసం ఎదురుచూస్తూ వస్తువు వాడుకునే కరెంటునే స్టాండ్‌బై వాడకం అంటారు.

దీన్ని అంచనా వేయడానికి ఒక్క అంకె తెలిస్తే చాలు. ఏడాదికి 8,760 గంటలు. బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు పోవడం. కాబట్టి ఒక్క వాటు ఏడాది పొడుగునా ఆగకుండా పోతే 8.76 యూనిట్లు అవుతుంది. తొమ్మిది యూనిట్లు అనుకున్నా పెద్ద తేడా ఉండదు. బిల్లు మీద ఉన్న యూనిట్ రేటుతో దాన్ని గుణిస్తే, ఇంట్లో ప్రతి వాటు స్టాండ్‌బైకి ఏటా ఎంత చెల్లిస్తున్నారో తేలిపోతుంది. వాడకం పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబు పద్ధతి ఉన్నచోట గుణించాల్సింది సగటు రేటుతో కాదు, ఆ ఇంటి వాడకం చేరిన చివరి స్లాబు రేటుతో. తగ్గించిన యూనిట్లు తగ్గేది పైనుంచే. అందుకే చాలామంది వేసుకునే అంచనా కంటే నిజంగా మిగిలేది కాస్త ఎక్కువే ఉంటుంది.

మొత్తం మీద ఇది ఎంత? అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల ఈ విషయం మీద ఏళ్ల తరబడి కొలతలు తీసింది. అభివృద్ధి చెందిన దేశాల ఇళ్లలో వాడే కరెంటులో 5 నుంచి 10 శాతం దాకా స్టాండ్‌బైకి పోతుందని ఆ ప్రయోగశాల చెప్పే అంచనా. 2015లో ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ ఉత్తర కాలిఫోర్నియా ఇళ్ల స్మార్ట్ మీటర్ల లెక్కలు పరిశీలించి, దాదాపు 23 శాతం అని తేల్చింది. రెండూ తప్పు కాదు. కొలిచిన వస్తువు వేరు. మొదటిది ఆపేసినట్టు కనిపించే వస్తువుల వాడకం. రెండోది ఎవరూ వాడకపోయినా ఊరికే ఆన్‌లో ఉండిపోయినవాటిని కూడా కలిపిన లెక్క: నిద్రపోని కంప్యూటరు, ఎవరూ చూడని సెట్‌టాప్ బాక్సు, రాత్రంతా మేలుకుని ఉండే రూటరు వంటివి. డబ్బు మిగుల్చుకోవాలనుకునేవారికి రెండో లెక్కే పనికొస్తుంది. బిల్లు వచ్చేటప్పుడు ఆ వస్తువు ఆఫ్‌లో ఉందా, ఊరికే ఆన్‌లో ఉందా అని మీటరు చూడదు కదా.

ఛార్జర్ తీసేయమనే సలహా ఎంతవరకు నిజం

స్టాండ్‌బై అనగానే ముందు వినిపించే సలహా ఫోన్ ఛార్జర్‌ను సాకెట్‌లోంచి తీసేయమని. ఇది ఒకప్పుడు సరైన సలహాయే. పాతకాలపు అడాప్టర్లలో ఇనుప కోర్ మీద రాగి తీగ చుట్టిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అవతల ఏమీ తగిలించకపోయినా ఆ కోర్‌ను అయస్కాంతీకరించడానికే కరెంటు పోతూ ఉండేది. ముట్టుకుంటే వెచ్చగా తగిలేది అదే. ఇప్పుడు ఆ బరువు లేదు. నేటి ఛార్జర్లు కరెంటును సెకనుకు వేల సార్లు తుంచి మారుస్తాయి. ఫోను తగిలించనప్పుడు ఆ తుంచడాన్ని కూడా దాదాపు ఆపేసి, అప్పుడప్పుడు ఒక్కసారి లేచి చూసుకుంటాయి. అమెరికాలో 2016 నుంచి అమల్లో ఉన్న ప్రమాణం ప్రకారం చిన్న ఛార్జర్లలో చాలావాటికి ఖాళీగా ఉన్నప్పటి పరిమితి 0.1 వాటు. ఏడాదంతా గోడకే ఉంచినా ఒక యూనిట్ నిండదు.

కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే దీన్ని ఒక పోలికతో చెప్పారు. ఛార్జర్‌ను ఒక రోజంతా తీసి ఉంచితే మిగిలే శక్తి, కారును ఒక్క సెకను నడపడానికి పట్టే శక్తితో సమానం. ఆయన లెక్క వేసింది అర వాటు తినే ఛార్జర్‌కు. ఇప్పటివి అందులో ఐదో వంతు కూడా తినవు. ఇంట్లో అందరి ఛార్జర్లూ రోజూ తీస్తూ, పక్కనే ఉన్న సెట్‌టాప్ బాక్సును వదిలేయడమంటే కుండకు పడ్డ సన్న బీట మీద చెయ్యి పెట్టి, అడుగున ఉన్న చిల్లును మరిచిపోవడమే. ఛార్జర్ తీయడం తప్పేమీ కాదు. నాసిరకం ఛార్జర్ల విషయంలో భద్రత కోసమైనా తీయడం మంచిదే. బిల్లు తగ్గాలంటే మాత్రం చూపు వేరేచోట పెట్టాలి.

ఛార్జర్లు ఇంత మారడానికి కారణం వినియోగదారుల జాగ్రత్త కాదు, నియమాలు. బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసిన అలాన్ మేయర్ 1990ల చివర్లో, ఏ వస్తువుకైనా స్టాండ్‌బై ఒక వాటు దాటకూడదని ప్రతిపాదించారు. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఆ లక్ష్యాన్ని తలకెత్తుకుంది. 2001లో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు అలాంటి వస్తువులే కొనాలని అధ్యక్షుడు జార్జ్ బుష్ ఉత్తర్వు ఇచ్చారు. ఐరోపా సమాఖ్య 2010 నుంచి ఒక వాటు, 2013 నుంచి అర వాటు హద్దు పెట్టింది. గడియారం లాంటి సమాచారం చూపే తెర ఉంటే ఇంకొంచెం వెసులుబాటు ఇచ్చింది. ఇంత పెద్ద మార్కెట్‌కు ఒకలా, మిగతా ప్రపంచానికి ఇంకోలా సర్క్యూట్ తయారుచేయడం కంపెనీలకు లాభం కాదు గనుక, ఈ హద్దుల ఫలితం అవి లేని దేశాలకూ చాలావరకు అందింది. పదేళ్లలోపు కొన్న మామూలు టీవీ ఆపి ఉన్నప్పుడు అర వాటు లోపే తినడం అరుదేమీ కాదు.

ఆ విజయం వెనకే కొత్త సమస్య వచ్చింది. వస్తువులు ఇంటర్నెట్‌కు తగులుకున్నాయి. నెట్‌వర్క్ నుంచి పిలుపు వస్తే పలకాలంటే పూర్తిగా నిద్రపోవడం కుదరదు. అందుకే ఐరోపా 2013లో నెట్‌వర్క్ స్టాండ్‌బైకి వేరే హద్దులు రాయాల్సి వచ్చింది. వాటి ప్రకారం 2019 నుంచి మామూలు వస్తువులకు 2 వాట్లు. రూటర్లలాంటి వాటికి 2017 నుంచే 8. అంటే అర వాటుకు దిగిన వస్తువు, వైఫై తగిలించుకుని నాలుగింతలు తినడానికి మళ్లీ అనుమతి పొందినట్టే.

ఎక్కువ తినేవి ఎర్ర చుక్కతో దొరకవు

దీపం వెలుగుతుంటే కరెంటు పోతోందని, లేకపోతే పోవడం లేదని అనుకోవడం సహజం. రెండూ నమ్మదగ్గవి కావు. ఎక్కువ తినే వస్తువులు చాలావరకు నిశ్శబ్దంగా, చీకటిగా ఉంటాయి.

అన్నిటికన్నా ముందు చెప్పుకోవాల్సింది సెట్‌టాప్ బాక్సు. 2010లో అమెరికా ఇళ్లలోని సెట్‌టాప్ బాక్సులు మొత్తం 2,700 కోట్ల యూనిట్లు వాడాయనీ, అందులో మూడింట రెండు వంతులు ఎవరూ టీవీ చూడని, రికార్డు చేయని సమయంలోనే పోయిందనీ ఎన్‌ఆర్‌డీసీ 2011లో లెక్క తేల్చింది. దానికి కారణం తెలుసుకుంటే నివారణ కూడా తెలుస్తుంది. చాలా బాక్సుల్లో పవర్ బటన్ నొక్కితే ఆగేది టీవీకి వెళ్లే బొమ్మ, ముందున్న దీపం మాత్రమే. లోపల ట్యూనరు సిగ్నలు పట్టుకునే ఉంటుంది. కార్యక్రమాల పట్టిక దిగుతూ ఉంటుంది. చందా కట్టారో లేదో చూసే రహస్య సంకేతాల మార్పిడి జరుగుతూ ఉంటుంది. రికార్డింగు సౌకర్యం ఉంటే హార్డ్‌డిస్కు తిరుగుతూనే ఉంటుంది. ఆన్‌లో 15 వాట్లు తినే బాక్సు ‘ఆఫ్’లో 14 తినడం వింత కాదు. రోజుకు నాలుగు గంటలు టీవీ చూసే ఇంట్లో అలాంటి బాక్సు మిగతా 20 గంటల్లో 280 వాట్-అవర్లు తింటుంది. ఏడాదికి 102 యూనిట్లు. వంద ఖాళీ ఛార్జర్లు ఏడాదంతా తినేది కూడా ఇంతకన్నా తక్కువే.

కొత్త బాక్సుల సెట్టింగుల్లో ‘డీప్ స్లీప్’, ‘ఎకో మోడ్’ వంటి పేర్లతో నిజమైన నిద్ర ఉంటుంది. అమ్మేటప్పుడు అది చాలాసార్లు ఆపి ఉంచుతారు. ఎందుకంటే అది వేస్తే మళ్లీ ఆన్ అవడానికి అర నిమిషమో, రెండు నిమిషాలో పడుతుంది, ఆ ఆలస్యానికి ఫిర్యాదులు వస్తాయి. కంపెనీ దృష్టిలో ఫిర్యాదుకు ఖరీదుంది. బిల్లు కట్టేది మాత్రం ఇంటివాళ్లు.

గేమ్ కన్సోళ్లదీ ఇదే కథ. బటన్ నొక్కగానే లేచే ‘ఇన్‌స్టంట్ ఆన్’ పద్ధతిలో పది, పదిహేను వాట్లు తిన్న కన్సోలు, పొదుపు పద్ధతిలో ఒక వాటు లోపు తింటుంది. వస్తువు అదే, మనుషులూ వాళ్లే, మారింది మెనూలో ఒక ఎంపిక. ఎక్స్‌బాక్స్ తయారీదారు ఈ పొదుపు పద్ధతినే ముందుగా ఎంపిక చేసి ఇవ్వడం 2022లో మొదలుపెట్టి, 2023లో పాత వినియోగదారులకూ విస్తరించింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెట్టింగును మార్చేవారు తక్కువ గనుక, ముందుగా ఏది ఎంచి పెట్టారన్నదే లక్షల ఇళ్ల వాడకాన్ని నిర్ణయిస్తుంది. ప్లగ్ తీయడం గురించి ఎంత ప్రచారం చేసినా దీనికి సాటిరాదు.

డెస్క్‌టాప్ కంప్యూటరు విషయంలో స్టాండ్‌బై దొంగ కాదు, రక్షకుడు. నిద్రలో రెండు మూడు వాట్లు తినే కంప్యూటరు, తెర మీద బొమ్మ కదులుతూ ఊరికే ఆన్‌లో ఉంటే 50 వాట్లు తినొచ్చు. రోజుకు ఎనిమిది గంటలు అలా వదిలేస్తే ఏడాదికి 146 యూనిట్లు. పావుగంట ముట్టుకోకపోతే నిద్రపొమ్మని పెట్టే ఒక్క సెట్టింగు ఇందులో చాలావరకు మిగులుస్తుంది.

పాత సంగీత వ్యవస్థలు, యాంప్లిఫయర్లు, బరువైన సబ్‌వూఫర్లు మరో వరుస. ఆపినా 8 వాట్ల దాకా తిన్న చిన్న ఆడియో సిస్టమ్‌లు బర్క్‌లీ కొలతల్లో మామూలే. అంటే ఏటా 70 యూనిట్లు. అల్మరాలో పెట్టి నెలల తరబడి పాట వినని వాటిలో కూడా ఇది పోతూనే ఉంటుంది. ఏసీకి పెట్టిన వోల్టేజ్ స్టెబిలైజర్ కూడా ఈ వరుసలోదే. ఏసీని రిమోట్‌తో ఆపినా స్టెబిలైజర్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. ఇక కొన్ని ఏసీల బయటి యూనిట్లలో కంప్రెసర్ నూనెలోకి గ్యాసు చేరకుండా వెచ్చగా ఉంచే చిన్న హీటరు ఉంటుంది. అది పనిచేసేటప్పుడు పదుల వాట్లు తింటుంది. ఏసీ అవసరం లేని నెలల్లో దాని బ్రేకర్ దించేయడం మంచి పని. అలాంటి హీటరు ఉన్నదాన్ని మళ్లీ వాడే ముందు మాత్రం కొన్ని గంటల ముందుగానే బ్రేకర్ ఎత్తాలి. లేకపోతే కంప్రెసర్‌కు దెబ్బ.

మైక్రోవేవ్ ఓవెన్ చిన్నదే కానీ ఆలోచింపజేసే ఉదాహరణ. పాత ఓవెన్ల గడియారానికి 3 వాట్ల దాకా పోతుంది, రోజుకు 72 వాట్-అవర్లు. 1,200 వాట్లు తీసుకునే ఓవెన్ మూడు నిమిషాలు వేడిచేస్తే పట్టేది 60. రోజుకు ఒక కప్పు పాలు వేడిచేసుకునే ఇంట్లో వేడికన్నా గడియారానికే ఎక్కువ ఖర్చవుతోందన్నమాట.

స్మార్ట్ బల్బుల్లో ఇది ఇంకా స్పష్టం. ఫోన్ నుంచి వెలిగించే బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా వైఫై వింటూ ఉంటుంది, అర వాటు అనుకుందాం. రోజుకు ఒక గంట వెలిగే 9 వాట్ల బల్బు వెలుగుకు తీసుకునేది 9 వాట్-అవర్లు. మిగతా 23 గంటల ఎదురుచూపుకు పదకొండున్నర. అసలు కంటే కొసరు ఎక్కువ. ఎక్కువసేపు వెలిగే గదుల్లో ఇలాంటి బల్బులు పెట్టడంలో అర్థముంది, స్టోర్‌రూమ్‌లో లేదు.

ఊహించకుండా కొలవడం

పైన చెప్పినవన్నీ మామూలుగా ఉండే అంకెలు. ఒకే రకం వస్తువుల్లో మోడల్‌కు మోడల్‌కు పదింతల తేడా ఉంటుంది. అందుకే కొలవాలి. అదృష్టవశాత్తూ కొలిచే పరికరం ప్రతి ఇంట్లోనూ ఉంది. డిజిటల్ మీటరు మీద మిణుకుమనే చిన్న ఎర్ర దీపం, దాని పక్కన యూనిట్‌కు ఎన్ని మిణుకులో అంకె రాసి ఉంటాయి. చాలా మీటర్లలో 1,600 లేదా 3,200 అని ఉంటుంది. రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాన్లు, లైట్లు ఆపి, ఫ్రిజ్‌ను కూడా పది నిమిషాలు ఆపి, రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 36 లక్షలను ఆ అంకెతోనూ, సెకన్లతోనూ భాగిస్తే వచ్చేది వాట్లు. 3,200 మీటరులో 45 సెకన్లు పడితే ఇంట్లో 25 వాట్లు నిరంతరం పోతున్నాయి. ఏడాదికి 219 యూనిట్లు. ఆ తర్వాత ఒక్కొక్క ప్లగ్ తీస్తూ మిణుకుల మధ్య విరామం ఎప్పుడు బాగా పెరిగిందో చూస్తే దొంగ దొరుకుతాడు. ఫ్రిజ్ స్విచ్ మళ్లీ వేయడం మరవకూడదు.

సాకెట్‌కూ ప్లగ్‌కూ మధ్య పెట్టి చూసే చిన్న వాట్ మీటర్లు దీన్ని సులువు చేస్తాయి. చవకరకంవి రెండు మూడు వాట్ల కింద సరిగా చూపవన్నది గుర్తుంచుకుంటే చాలు. తీగ చుట్టూ పట్టుకుని కరెంటును కొలిచే క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి వోల్టేజీతో గుణించడం మాత్రం ఈ పనికి పనికిరాదు. స్టాండ్‌బైలో ఉన్న ఎలక్ట్రానిక్ వస్తువులోకి వెళ్లే కరెంటులో ఎక్కువ భాగం లోపలి కెపాసిటర్ల వల్ల వెళ్లి తిరిగి వచ్చేదే. అది ఖర్చు కాదు, ఇంటి మీటరు సాధారణంగా దాన్ని లెక్కకట్టదు. అలా గుణించి, ఆపేసిన టీవీ 20 వాట్లు తింటోందని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. అందులో నిజమైన వాట్లు అరో ఒకటో ఉండొచ్చు.

తగ్గించడంలో వరుస

దొరికిన వస్తువుకు ముందు చూడాల్సింది సెట్టింగులు. ఖర్చు లేదు, రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. టీవీలో ‘క్విక్ స్టార్ట్’, కన్సోల్‌లో ‘ఇన్‌స్టంట్ ఆన్’ తీసేయాలి. బాక్సులో డీప్ స్లీప్, కంప్యూటర్‌లో నిద్ర సమయం పెట్టాలి. ఒక సాయంత్రం కూర్చుంటే ఇవన్నీ అయిపోతాయి.

రెండోది స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. టీవీ చుట్టూ ఉన్నవన్నీ ఒకే బోర్డుకు తగిలించి, ఆ స్విచ్ చేతికి అందేచోట పెట్టాలి. ఇక్కడ గెలుపోటములు తేలేది స్థలం దగ్గరే. అల్మరా వెనక వంగి నొక్కాల్సిన స్విచ్‌ను వారం తర్వాత ఎవరూ నొక్కరు. ప్రధాన వస్తువు ఆగగానే మిగతావాటికి కరెంటు తనంతట తానే కత్తిరించే బోర్డులూ దొరుకుతాయి. కంప్యూటరు ఆపితే ప్రింటరు, స్పీకర్లు, మానిటరు కూడా ఆగడానికి అవి బాగా పనికొస్తాయి.

స్మార్ట్ ప్లగ్ విషయంలో లెక్క వేసుకోవాలి. అది కూడా వైఫై వింటూ అర వాటు నుంచి ఒకటిన్నర వాటు దాకా తింటుంది. అర వాటు టీవీని ఆపడానికి ఒక వాటు ప్లగ్ పెడితే బిల్లు పెరుగుతుంది. 14 వాట్ల బాక్సుకైతే సరిపోతుంది. గంటలు అమర్చే మామూలు టైమరు దానికన్నా చవక.

ఆపకూడనివీ ఉన్నాయి. ఓఎల్ఈడీ టీవీలు ఆపాక కాసేపు తమ తెరను సరిచేసుకునే పని చేస్తాయి. రోజూ ఆపిన వెంటనే గోడ స్విచ్ తీసేస్తే ఆ పని జరగదు, తెర మీద ముద్రలు పడే ప్రమాదం పెరుగుతుంది. ఇంక్‌జెట్ ప్రింటరును దాని సొంత బటన్‌తో ఆపాకే కరెంటు తీయాలి. అప్పుడే అది ఇంకు చిమ్మే తలను మూత కిందికి చేర్చుకుంటుంది. పైగా కొన్ని ప్రింటర్లు కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇంకు ఖర్చుపెట్టి శుభ్రం చేసుకుంటాయి. రెండు మూడు వాట్లకోసం ఇంకు పోగొట్టుకోవడం నష్టమే. భద్రతా అలారాలు, వైద్య పరికరాల జోలికి వెళ్లనే కూడదు.

మాటిమాటికీ స్విచ్ వేసి తీస్తే వస్తువు పాడవుతుందన్న భయానికి రోజుకు ఒకటి రెండుసార్ల విషయంలో పెద్ద ఆధారం లేదు. పవర్ సప్లయిలో ముందు ముసలివయ్యేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటిని ముసలివి చేసేది వేడి, గడిచిన గంటలు. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఎలక్ట్రానిక్స్ రంగంలో అందరూ వాడే లెక్క. కరెంటు తీసేసిన వస్తువు చల్లగా ఉంటుంది, ప్లగ్ కూడా తీస్తే పిడుగుపాటు నుంచి తప్పించుకుంటుంది.

రూటరు మాత్రం చిక్కు ప్రశ్న. 6 నుంచి 12 వాట్లు, రోజంతా. రాత్రి ఏడు గంటలు టైమరుతో ఆపితే, 10 వాట్ల రూటరులో ఏడాదికి 25 యూనిట్లకు పైగా మిగులుతాయి. కానీ చాలా రూటర్లు సాఫ్ట్‌వేర్ మార్పులను రాత్రిపూటే దించుకుంటాయి. ఇంటి ఫోను దాని ద్వారానే నడిస్తే అర్ధరాత్రి అత్యవసర ఫోన్‌కాల్ వెళ్లదు. కెమెరాలు, తాళాలు దానికే కట్టి ఉంటే అవీ ఆగిపోతాయి. ఇవేవీ లేని ఇంట్లో ఆపొచ్చు. ఉన్న ఇంట్లో రూటరును వదిలేసి, రెండో గదిలో అలవాటుగా వెలుగుతున్న, సిగ్నలును దూరానికి అందించే వైఫై ఎక్స్‌టెండర్ నిజంగా అవసరమా అని చూడటం మేలు.

కొత్త వస్తువు కొనేటప్పుడు చూడాల్సినవి రెండు అంకెలు: స్టాండ్‌బై వాట్లు, నెట్‌వర్క్ స్టాండ్‌బై వాట్లు. పెట్టె మీద మొదటిదే రాసి, రెండోదాన్ని మాన్యువల్ చివరి పేజీల్లో పెట్టడం ఉంది. రెండో అంకె 2 దాటితే ఏడాదికి 17.5 యూనిట్లకు పైమాటే. పదేళ్లు వాడే వస్తువుకు అది 175. దుకాణంలో రెండు మోడళ్ల ధరల మధ్య తేడా చూసేటప్పుడు ఈ 175 యూనిట్ల ఖరీదును కూడా ఎక్కువ తినేదాని ధరకు కలిపి చూడాలి.

మార్పులన్నీ అయ్యాక ఒక నెల ఆగి, మళ్లీ ఒక రాత్రి మీటరు ముందు నిలబడి సెకన్లు లెక్కపెట్టాలి. 45 సెకన్లకు ఒకసారి మిణుకుమన్న దీపం రెండు నిమిషాలకు ఒకసారి మిణుకుమంటే, 25 వాట్లు దాదాపు తొమ్మిదిన్నరకు దిగాయి. ఏడాదికి దాదాపు 137 యూనిట్లు మిగిలాయి. ఆ తొమ్మిదిన్నరలో రూటరుదే పెద్ద వాటా అయితే, ఇంకా ప్లగ్‌లు వెతకాల్సిన అవసరం లేదు.